సెనేటర్ల చాట్‌లో జాతి దూషణలు బయటపడ్డాయి: మంగళవారం మీటింగ్‌లో ఏం చేయొచ్చు?

గ్రాడ్‌సెనేటర్_టెక్సస్ (ప్రశ్న)

టెక్సస్‌లో ఒక పబ్లిక్ యూనివర్సిటీ. ఇక్కడి స్టూడెంట్ గవర్నమెంట్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థుల తరఫున సెనేటర్‌ని, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను. కొందరు సెనేటర్లు సొంతంగా పెట్టుకున్న గ్రూప్‌మీ చాట్ నుంచి ఐదు స్క్రీన్‌షాట్లు ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చేశాయి. అది సెనేట్ అధికారిక గ్రూప్ కాదు. ఒకరు నల్లజాతి విద్యార్థుల సంఘం పెట్టుకున్న ఫండింగ్ అప్లికేషన్ గురించి నోటికొచ్చినట్టు రాశారు. ఆయన ఫైనాన్స్ కమిటీ సభ్యుడు, ఆ అప్లికేషన్ అప్పటికి కమిటీ ముందే ఉంది. ఇంకొకరు ఇండియన్ గ్రాడ్ స్టూడెంట్ల వంట వాసన, యాస, వీసాల మీద వెటకారాలు.

ప్రెసిడెంట్ "విద్వేషానికి ఇక్కడ తావు లేదు" అంటూ ఒక పేరా ప్రకటన రాసి పెట్టుకున్నారు. సగం మంది మంగళవారమే అవిశ్వాసం పెట్టి ఇద్దర్నీ ఇంటికి పంపేద్దామంటున్నారు. ఆ ఇద్దరేమో ప్రైవేట్ చాట్, వాక్‌స్వాతంత్ర్యం, కోర్టుకెళ్తాం అంటున్నారు. రూల్స్ కమిటీలో ఉన్నానని అందరూ నన్నే అడుగుతున్నారు.

లెక్కలు: మొత్తం సీట్లు 40, ప్రస్తుతం ఉన్నది 32 మంది, మీటింగ్‌కి వచ్చేది మహా అయితే 26. బైలాస్‌లో (సెనేట్ నియమావళిలో) "విధుల నిర్లక్ష్యం లేదా పదవీ దుర్వినియోగానికి పాల్పడిన సెనేటర్‌ను మూడింట రెండొంతుల ఓటుతో తొలగించవచ్చు" అని ఒక్క వాక్యం ఉంది. మిగతాదంతా రాబర్ట్స్ రూల్స్ (సభలు నడిపే పద్ధతులు చెప్పే పుస్తకం) ప్రకారం అన్నారు.

తొలగించొచ్చా? ప్రకటనలో ఏముండాలి? కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి? ఎఫ్-1 వాళ్లు ముందుకొస్తే ఇబ్బందా?

---

రూల్‌బుక్_రావు

మంగళవారం తొలగింపు ఓటు మాత్రం పెట్టకండి. కారణం చెప్తాను.

మీది పబ్లిక్ యూనివర్సిటీ. విద్యార్థుల ఫీజు డబ్బు పంచే అధికారం యూనివర్సిటీ మీ సెనేట్‌కి ఇచ్చింది. కాబట్టి సెనేట్ వేసే శిక్షను కోర్టు ప్రభుత్వం వేసిన శిక్షగానే చూసే అవకాశం ఎక్కువ, అంటే ఫస్ట్ అమెండ్‌మెంట్ (వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడే అమెరికా రాజ్యాంగ సవరణ) వర్తిస్తుంది. ఎంత రోత మాటైనా, అది బెదిరింపో, ఒక మనిషిని వెంటాడి వేధించడమో కాకపోతే, మాటకు మాత్రమే శిక్ష వేయడం చాలా కష్టం. 1973లో మిస్సోరి యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, మర్యాద పేరు చెప్పి భావాల వ్యాప్తిని అణచకూడదంది. 1993లో జార్జ్ మేసన్ యూనివర్సిటీ కేసులో ఫోర్త్ సర్క్యూట్ (కొన్ని తూర్పు రాష్ట్రాల ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఇంకా ముందుకెళ్లింది. ఒక ఫ్రాటర్నిటీ (మగ విద్యార్థుల సంఘం), అందులో ఒకరు ముఖానికి నల్లరంగు పూసుకుని, వేసిన కార్యక్రమానికి యూనివర్సిటీ వేసిన శిక్ష చెల్లదని తేల్చింది. ఫోర్త్ సర్క్యూట్ తీర్పు టెక్సస్‌ని కట్టేయదు, కానీ అవతలి లాయరు మొదట తీసేది దాన్నే. "2015లో ఓక్లహామా యూనివర్సిటీ బస్సులో జాతి విద్వేష పాట పాడినవాళ్లను పంపేసింది కదా" అని ఎవరో ఒకరు అంటారు. దాన్ని ఆధారంగా తీసుకోవద్దు, రాజ్యాంగ నిపుణులు చాలామంది అప్పుడే తప్పుబట్టారు.

మీ కథకు బాగా దగ్గరిది ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ. 2020లో అక్కడి సెనేట్ ప్రెసిడెంట్ క్యాథలిక్ విద్యార్థుల గ్రూప్‌మీలో, బ్లాక్ లైవ్స్ మ్యాటర్ లాంటి సంస్థల వాదనలు తన మతానికి విరుద్ధమని రాశారు. స్క్రీన్‌షాట్లు బయటికొచ్చాయి, అవిశ్వాసం పెట్టి దించేశారు. అక్టోబరులో అక్కడి విద్యార్థి సుప్రీం కోర్టే ఆయన్ని తిరిగి కూర్చోబెట్టమంది. ఆ గొడవ ఫెడరల్ కోర్టుకూ ఎక్కింది. 2021లో యూనివర్సిటీ 10,000 డాలర్ల పరిహారం, పోయిన జీతం, 83,000 డాలర్ల లాయరు ఫీజు కట్టి రాజీపడింది. అక్కడివి మతాభిప్రాయాలు, ఇక్కడివి జాతి దూషణలు. రెండూ ఒకటని నేననను. అయితే మీవాళ్లు వెళ్తానంటున్న దారి అక్షరాలా అదే: చాట్, స్క్రీన్‌షాట్, ఒక్క రాత్రిలో ఓటు.

ఇంకో సంగతి. అవిశ్వాస తీర్మానం అనేదే రాబర్ట్స్ రూల్స్‌లో లేదు. "మాకు ఫలానావారిపై నమ్మకం లేదు" అని తీర్మానం చేసుకోవచ్చు, అది అభిప్రాయంగానే మిగులుతుంది. దాంతో సీటు ఖాళీ కాదు. మీ బైలాస్‌లోని తొలగింపు వాక్యం వేరు, దాని దారి వేరు.

మరి మంగళవారం ఏం చేయాలంటే సెన్షర్. సభ తన సభ్యుణ్ణి మాటతో ఖండించడం. దీనికి మీ రాష్ట్రంలోనే గట్టి ఆధారం ఉంది. హ్యూస్టన్ కమ్యూనిటీ కాలేజ్ బోర్డు తన ట్రస్టీని (ఎన్నికైన బోర్డు సభ్యుణ్ణి) సెన్షర్ చేస్తే ఆయన కోర్టుకెళ్లారు. 2022లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, అలాంటి మాటల ఖండన ఫస్ట్ అమెండ్‌మెంట్‌ను ఉల్లంఘించదని తీర్పిచ్చింది. సభ్యుడికి నోరున్నట్టే సభకీ నోరుంది అన్నది దాని సారం. కోర్టు గీత కూడా గీసింది: ఎన్నికైన సభ తన సొంత సభ్యుణ్ణి మాటతో ఖండించడం వరకే ఈ తీర్పు, సభ నుంచి వెలివేయడం వంటి శిక్షల సంగతి దీంట్లో తేల్చడం లేదంది. అందుకని మీ సెన్షర్ తీర్మానానికి "స్టైపెండ్ కట్", "కమిటీ నుంచి తొలగింపు" లాంటి తోకలు తగిలించకండి. తగిలిస్తే ఆ తీర్పు ఇచ్చే రక్షణ పోతుంది.

సెన్షర్ మామూలు మెయిన్ మోషన్ (సాధారణ తీర్మానం). పోలైన ఓట్లలో సగం కంటే ఒక్కటి ఎక్కువొచ్చినా చాలు. ఇద్దరికీ కలిపి ఒకే తీర్మానం పెట్టకండి, వేర్వేరుగా పెట్టండి. చేసింది వేర్వేరు, సాక్ష్యం వేర్వేరు. కలిపితే ఒకదాని బలహీనత రెండోదాన్నీ ముంచుతుంది.

ఓట్ల లెక్కలో మోసపోయేది ఎక్కడో చూడండి. మీ బైలాస్ "మూడింట రెండొంతుల ఓటు" అని ఊరుకుంది. అప్పుడు రాబర్ట్స్ ప్రకారం పోలైన ఓట్లలోనే లెక్క, తటస్థులు లెక్కలోకి రారు. 26 మందీ ఓటేస్తే 18 కావాలి. అదే "మొత్తం సభ్యుల్లో" అని రాసి ఉంటే 32లో లెక్క, 22 కావాలి. "మొత్తం స్థానాల్లో" అని ఉంటే 40లో, అంటే 27. వచ్చేదే 26 మందైతే అందరూ చేయెత్తినా తీర్మానం వీగిపోతుంది. స్టూడెంట్ గవర్నమెంట్ రాజ్యాంగంలో ఒక మాట, బైలాస్‌లో ఇంకో మాట ఉండే సెనేట్లు కోకొల్లలు. రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుని చదవండి. తేడా ఉంటే రాజ్యాంగానిదే పైచేయి.

---

మాస్_మహేష్

ఇంత లా అవసరమా అన్నా? అందరికీ తెలిసిన తప్పు. 20 మంది చేయెత్తితే అయిపోతుంది. వాళ్లు కేసు వేస్తే అప్పుడు చూసుకోవచ్చు.

---

రూల్‌బుక్_రావు

కేసు వేస్తే చూసుకునేది సెనేట్ కాదు తమ్ముడూ, యూనివర్సిటీ లాయర్లు. వాళ్లు మొదట చేసే పని ఓటును రద్దు చేయించి రాజీకి కూర్చోవడం. అప్పుడు ఆ ఇద్దరూ చట్టం గెలిపించిన వీరుల్లా తిరిగొస్తారు. నల్లజాతి విద్యార్థుల సంఘానికి మిగిలేది ఏంటి?

---

ఫోరెన్సిక్_పద్మ

అందరూ ఓటు దగ్గరే ఉన్నారు, సాక్ష్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఐదు స్క్రీన్‌షాట్లు ఇప్పటికి సాక్ష్యం కావు, ఆరోపణ మాత్రమే.

ఎడిటింగ్ యాప్‌తో ఎవరైనా ఎలాంటి స్క్రీన్‌షాట్ అయినా తయారుచేయగలరు. ఆ గ్రూప్‌లో ఉన్న ఒక సభ్యుణ్ణి ఒప్పించి, ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేయించి, గ్రూప్ పేరు దగ్గర మొదలుపెట్టి, సభ్యుల జాబితా తెరిచి, ఆ మెసేజ్‌ల దాకా ఆపకుండా స్క్రోల్ చేయించండి. ముందు 20 మెసేజ్‌లు, తర్వాత 20 మెసేజ్‌లు కూడా పడాలి. ఎవరు జవాబిచ్చారు, ఎవరు లైక్ కొట్టారు, ఎవరు "ఇది తప్పు" అన్నారు అన్నది అక్కడే తెలుస్తుంది. మెసేజ్ మీద వేలు పెట్టి తేదీ, సమయం కనపడేలా చూపించాలి. గ్రూప్‌మీలో పెట్టుకున్న పేరు మార్చుకోవచ్చు కాబట్టి పేరు మీద నొక్కి ప్రొఫైల్ కూడా తెరిచి చూపించాలి.

వాట్సాప్ సంగతైతే ఇంకా జాగ్రత్త. మెసేజ్ పైన కనిపించే పేరు ఆ ఫోన్ యజమాని సేవ్ చేసుకున్న పేరు. నా ఫోన్‌లో ఎవరి నంబర్నైనా మీ పేరుతో సేవ్ చేసి స్క్రీన్‌షాట్ తీయగలను. కాంటాక్ట్ తెరిచి నంబర్ చూపించని వాట్సాప్ స్క్రీన్‌షాట్‌కి విలువ లేదు. పంపాక 15 నిమిషాల వరకు మెసేజ్ ఎడిట్ చేయొచ్చు, "ఎడిటెడ్" అని పక్కన పడుతుంది. దాదాపు రెండు రోజుల్లోపు అందరికీ డిలీట్ చేయొచ్చు. మాయమయ్యే మెసేజ్‌లు పెట్టుకుంటే 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు, ఏది పెట్టుకుంటే అది. అందుకే మంగళవారం దాకా ఆగకుండా ఇవాళే రికార్డ్ చేయించండి.

రికార్డ్ చేసిన ఫైలును క్రాప్ చేయొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు (కుదించేస్తుంది, ఫైలులో ఉండే సమాచారం పోతుంది). డ్రైవ్‌లో అలాగే ఎక్కించి, చూడటానికి మాత్రమే అనుమతితో సెనేట్ సలహాదారుకి, రూల్స్ కమిటీ ఛైర్‌కి ఇవ్వండి. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఎవరి చేతికి వెళ్లింది అని ఒక కాగితం ఉండాలి. ఇచ్చినవారి పేరు ఆ కాగితంలోనే ఉండాలి తప్ప తీర్మానంలోకి రాకూడదు.

మీటింగ్‌లోనో, వాళ్లతో విడిగా మాట్లాడేటప్పుడో రహస్యంగా ఆడియో రికార్డ్ చేద్దామనుకునేవాళ్లకి: టెక్సస్‌లో మాట్లాడుతున్నవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఇల్లినాయ్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, మేరీలాండ్, మసాచుసెట్స్‌లో అలా కాదు, అందరి అనుమతీ ఉండాలి. ఈ థ్రెడ్ చదివి వేరే రాష్ట్రంలో అదే పని చేసి ఇరుక్కోకండి.

---

గ్రాడ్‌సెనేటర్_టెక్సస్

పద్మగారూ, రికార్డింగ్ ఈ రాత్రే చేయిస్తాను, గ్రూప్‌లో ఉన్న ఒకరు ఒప్పుకున్నారు. రావుగారూ, సెన్షర్ తప్ప ఇంకేమీ లేదంటే మావాళ్లు ఊరుకోరు. ఫైనాన్స్ కమిటీలో కూర్చుని అలా రాసిన మనిషిని కూడా మాటతో వదిలేయాలా? రెండో ఆయన మన ఇండియన్ల గురించి అన్నది అసలు లెక్కలోకే రాదా?

---

రూల్‌బుక్_రావు

వదిలేయమనలేదు. ఇద్దరికీ ఒకే దారి కాదంటున్నాను.

మీ బైలాస్‌లో ఉన్న మాట "పదవీ దుర్వినియోగం". ఫైనాన్స్ సభ్యుడు రాసింది తన ముందు పెండింగ్‌లో ఉన్న అప్లికేషన్ గురించి. అంటే అది గాల్లో అన్న మాట కాదు, చేతిలో ఉన్న పనితో ముడిపడింది. తప్పు మాటలో ఉందని కాకుండా, జాతిని బట్టి డబ్బు నిర్ణయం చేశాడా లేదా అన్నది అడగండి. 2000లో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఫీజుల కేసులో, అదే సౌత్‌వర్త్ తీర్పులో, సుప్రీంకోర్టు ఒక షరతు పెట్టింది: తప్పనిసరి స్టూడెంట్ ఫీజు పంచేటప్పుడు సంఘాల అభిప్రాయాలు చూసి తేడా చూపకూడదు. జాతి చూసి తేడా చూపడం 1964 సివిల్ రైట్స్ యాక్ట్ టైటిల్ 6 (ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థల్లో జాతి, జాతీయ మూలం వివక్షను నిషేధించే భాగం) కిందికే వస్తుంది.

కాబట్టి ఫైనాన్స్ కమిటీ మినిట్స్ (మీటింగ్ రికార్డులు) బయటికి తీయండి. ఈ విద్యా సంవత్సరంలో వచ్చిన అప్లికేషన్లన్నిటికీ ఒక షీట్ కట్టండి: ఏ సంఘం, దేనికి (స్పీకర్, భోజనం, ప్రయాణం), ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు, ఎన్నిసార్లు వాయిదా పడింది, కోతకు రాసిన కారణం, ఈ సభ్యుడు ఎటు ఓటేశాడు. భోజనాన్ని భోజనంతో, ప్రయాణాన్ని ప్రయాణంతో పోల్చాలి, కలగాపులగం చేస్తే షీట్ ఎందుకూ పనికిరాదు. ఒక సంఘాన్ని "కొటేషన్ లేదు" అని వెనక్కి పంపి, అదే నెలలో ఇంకో సంఘానికి కొటేషన్ లేకుండానే ఇచ్చిన దాఖలా ఒక్కటి దొరికినా, పది స్క్రీన్‌షాట్ల కంటే బలం. అది పదవీ దుర్వినియోగం. తొలగింపు ఓటు దాని మీద పెట్టొచ్చు.

ఏమీ దొరకలేదనుకోండి, అప్పుడు సెన్షర్‌తో ఆగాలి. చేదుగానే ఉంటుంది.

ఆ అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లో ఉంటే ఆయన దాని మీద ఓటు వేయకూడదని మంగళవారమే రాతపూర్వకంగా అడగండి. తానే తప్పుకుంటే మంచిది. రాబర్ట్స్ ప్రకారం సొంత ప్రయోజనం ఉన్నవాళ్లు ఓటేయకూడదు అంటారే తప్ప బలవంతంగా ఆపలేరు. కమిటీని నియమించింది ప్రెసిడెంటే అయితే, మార్చే అధికారం కూడా ఆయనకే ఉందో లేదో మీ బైలాస్ చూడండి. ఉంటే సీటు ముట్టుకోకుండా కమిటీ మార్చొచ్చు. అప్పుడు కూడా ఉత్తర్వులో "నిష్పాక్షికత మీద సందేహం, పెండింగ్ అప్లికేషన్" అనే కారణమే ఉండాలి, "చేసిన వ్యాఖ్యలు" అని ఉండకూడదు.

ఆ సంఘానికి ఇప్పటికే కాదన్నారా? అయితే వీగిపోయిన మోషన్‌ను తర్వాతి మీటింగ్‌లో ఎవరైనా మళ్లీ కొత్తగా పెట్టొచ్చు, దానికి ఏ గారడీ అక్కర్లేదు. కోసి ఇచ్చి ఉంటే "ఇదివరకు ఆమోదించినదాన్ని సవరించు" అనే మోషన్ పెట్టాలి. ముందుగా నోటీసిస్తే మెజారిటీ చాలు, ఇవ్వకపోతే మూడింట రెండొంతులు. అందుకే మంగళవారం నోటీసిచ్చి ఆ తర్వాతి వారం ఓటు పెట్టండి.

ఇక రెండో ఆయన. వంట వాసన, యాస, వీసా అంటూ వెటకారం. మీకు మండుతుంది, మండాలి కూడా. అయితే ఆయన పదవితో ఏ నిర్ణయమూ చేయలేదు. సెన్షర్ వరకే. అదీ పేరు పెట్టి, తేదీ వేసి, ఏ సమూహాన్ని కించపరిచాడో రాసి చేస్తే రికార్డులో శాశ్వతంగా ఉంటుంది, వచ్చే ఎన్నికల్లో అందరూ చదువుతారు. బైలాస్‌లో రీకాల్ పిటిషన్ ఉంటే ఓటర్లు సంతకాలు పోగుచేసుకోవచ్చు. ఓటర్లు దించడానికీ సెనేట్ దించడానికీ చాలా తేడా ఉంది.

మీరు ఇండియన్ కాబట్టి ఓటుకు దూరంగా ఉండాలని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ లెక్కన జాతి విషయంలో నల్లజాతి సెనేటర్లెవరూ ఎన్నడూ ఓటేయకూడదు. మీరే ఫిర్యాది అయి, మీరే విచారణ కమిటీలో కూర్చుంటే మాత్రం తప్పు. రెండింట్లో ఒకటే ఎంచుకోండి.

---

డెస్క్‌ఎడిటర్_శ్రీలత

ప్రకటన గురించి. "విద్వేషానికి తావు లేదు" అన్న పేరా పోస్ట్ చేయొద్దు. అది ఏ యూనివర్సిటీదైనా కావచ్చు, ఏ సంఘటనకైనా అతుక్కుంటుంది. చదివినవాళ్లకి అర్థమయ్యేది ఒక్కటే, వీళ్లు ఏమీ చేయబోవడం లేదని.

మొదట చేయాల్సింది రాయడం కాదు, ఫోన్. నల్లజాతి విద్యార్థుల సంఘం అధ్యక్షుడికి, ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్‌కి ప్రెసిడెంట్ స్వయంగా ఫోన్ చేయాలి. ఇన్‌స్టాలో పెట్టడానికి కొన్ని గంటల ముందే. "మీ పేరు ప్రకటనలో ఉండొచ్చా? స్క్రీన్‌షాట్‌లో మీ అప్లికేషన్ కనిపిస్తోంది, దాన్ని ప్రస్తావించొచ్చా?" అని అడగాలి. వద్దంటే వద్దు. పక్కన నిలబడి ఫొటో దిగమని మాత్రం అడక్కండి.

తర్వాత రాసేది ఆరేడు వాక్యాలు. ఏం జరిగింది (దూషణ పదాన్ని మళ్లీ రాయకుండా, ఏ సమూహాల గురించి, ఏ సందర్భంలో). సెనేట్‌కి ఎప్పుడు తెలిసింది. ఇప్పటివరకు ఏం చేసింది. మంగళవారం ఎన్ని గంటలకు, ఏ గదిలో మీటింగ్, పబ్లిక్ కామెంట్‌కి ఎలా పేరివ్వాలి. ఫండింగ్ నిర్ణయాల సమీక్ష ఎవరు చేస్తారు, ఏ తేదీకి బయటపెడతారు. సాయం కావాల్సినవాళ్లు ఎవరిని కలవాలి. అంతే. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అన్న మాట కనపడితే కొట్టేయండి.

పేర్లు పెట్టాలా? పద్మగారు చెప్పిన రికార్డింగ్ చేతికొచ్చి, సలహాదారు చూసేదాకా "ఇద్దరు సెనేటర్లు" అనండి చాలు. సెన్షర్ తీర్మానంలో పేర్లు ఎలాగూ వస్తాయి. తొందరపడి రాస్తే ఏమవుతుందో 2015 నవంబరులో మిస్సోరి యూనివర్సిటీ చూపించింది. అక్కడి జాతి వివక్ష వ్యతిరేక ఉద్యమం ఫలితంగా యూనివర్సిటీ సిస్టమ్ ప్రెసిడెంటే రాజీనామా చేశాడు. మర్నాడో ఆ మర్నాడో విద్యార్థి అధ్యక్షుడు, క్యాంపస్‌లోకి కు క్లక్స్ క్లాన్ (శ్వేతజాతి దురహంకార ముఠా) వచ్చిందని ధ్రువీకరించామంటూ ఫేస్‌బుక్‌లో పెట్టాడు. అది పుకారని తేలి, తీసేసి, క్షమాపణ చెప్పాల్సొచ్చింది. అన్నాళ్ల పోరాటాన్ని గేలిచేయడానికి ప్రత్యర్థులకు ఆ ఒక్క పోస్టు చాలింది.

ఇంకోటి. యూనివర్సిటీ ఆ ఇద్దరి మీద ఏ క్రమశిక్షణ చర్య తీసుకుంటుందో మీకు తెలియనివ్వరు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి రికార్డులు బయటికి రావు. "యూనివర్సిటీ చర్య తీసుకుంటోంది" అని మీరు రాసేస్తే రేపు నిరూపించలేరు. "డీన్ ఆఫ్ స్టూడెంట్స్‌కి ఫలానా తేదీన తెలియజేశాం" అని మీ చేతిలో ఉన్నది మాత్రమే రాయండి.

---

వీసా_డెస్క్

ఎఫ్-1 ప్రశ్నకి. కంప్లైంట్ ఇవ్వడం, సాక్ష్యం చెప్పడం, తీర్మానానికి ఓటేయడం ఏదీ స్టేటస్ ఉల్లంఘన కాదు. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించడాన్ని టైటిల్ 6 నిబంధనలు నిషేధిస్తాయి. ప్రమాదం వేరే వైపు నుంచి వస్తుంది. సస్పెన్షనో, ఎక్స్‌పల్షనో పడితే డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) మీ సెవిస్ రికార్డు (ప్రభుత్వం దగ్గరి విద్యార్థి వీసా నమోదు) ముగించాల్సొస్తుంది. అందుకని వేరేవాళ్ల ఫోన్ అన్‌లాక్ చేసి చూడటం, ఆ ఇద్దరి నంబర్లు, అడ్రస్‌లు గ్రూపుల్లో పంచడం వంటి పనులు మీరు చేయొద్దు, మీ పేరుతో ఇంకొకరిని చేయనివ్వొద్దు.

మంగళవారం హాల్ నిండా జనం వస్తారు. పబ్లిక్ కామెంట్‌లో పేరిచ్చి మాట్లాడండి, గేటు దగ్గర అడ్డంగా నిలబడకండి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి ముగించారు. వాళ్లలో చాలామందికి ఉన్నదల్లా ఎప్పుడో జరిగిన చిన్న పోలీసు నమోదు. కోర్టు కేసుల తర్వాత పునరుద్ధరించారు, అదీ అందరూ నిద్రలేని వారాలు గడిపాక. ట్రెస్‌పాస్ టికెట్ కూడా పోలీసు నమోదే.

కంప్లైంట్ ఎక్కడంటే: టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి ఎస్‌బీ 17 అనే రాష్ట్ర చట్టం అమల్లోకొచ్చి పబ్లిక్ యూనివర్సిటీల్లో డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం) ఆఫీసులు మూతపడ్డాయి. పాత వెబ్‌పేజీలో ఉన్న ఫారం నింపితే ఎవరికీ చేరదు. బయాస్ రెస్పాన్స్ టీములు (పక్షపాత ఘటనల మీద ఫిర్యాదులు చూసేవి) కూడా చాలాచోట్ల కోర్టు కేసుల దెబ్బకు పోయాయి. యూనివర్సిటీలో టైటిల్ 6 బాధ్యత ఎవరిదో (సివిల్ రైట్స్, కంప్లయన్స్, ఈక్వల్ ఆపర్చ్యూనిటీ, పేరు ఏదైనా) వెతికి వాళ్లకూ, డీన్ ఆఫ్ స్టూడెంట్స్‌కూ ఒకే ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పినది లెక్కలోకి రాదు. ఈమెయిల్‌లో మొదటి పేరాలోనే "జాతి, జాతీయ మూలం ఆధారంగా వివక్ష" అని రాయండి. "అనుచిత వ్యాఖ్యలు" అని రాస్తే వేరే ట్రేలో పడుతుంది.

టైటిల్ 6 కింద వేధింపు వాతావరణం అనిపించుకోవాలంటే అది తీవ్రంగానో, విస్తృతంగానో, పదేపదేనో ఉండి చదువుకు అడ్డుపడాలి. ఒక ప్రైవేట్ చాట్‌లోని రెండు మెసేజ్‌లు సాధారణంగా అక్కడిదాకా రావు. ఫండింగ్ కోత కలిస్తే కథ మారుతుంది. ఆ షీట్‌ను కంప్లైంట్‌కి జతచేయండి.

ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లోని ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కి వెళ్లాలంటే ఘటన జరిగిన 180 రోజుల్లోపు ఫైల్ చేయాలి. ముందు యూనివర్సిటీ గ్రీవెన్స్ దారిలో వెళ్లి ఉంటే అది ముగిశాక 60 రోజులు. గడువు స్క్రీన్‌షాట్ బయటికొచ్చిన రోజు నుంచి కాకుండా, ఫండింగ్ నిర్ణయం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి, అదే భద్రం. 2025 మార్చిలో ఆ ఆఫీసు 12 ప్రాంతీయ కార్యాలయాల్లో 7 మూసేసింది, మూతపడినవాటిలో డాలస్ ఉంది. త్వరగా జవాబొస్తుందని ఆశ పెట్టుకోకండి, గడువు మాత్రం తప్పనివ్వకండి.

మెసేజ్‌లలో ఎవరినైనా కొడతాం, చంపుతాం లాంటివి ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి ముందు క్యాంపస్ పోలీసులకి.

---

కొత్తపేట_కుర్రాడు

ఒకటి చెప్తే కోపం తెచ్చుకోకండి. మంగళవారం తర్వాత అవతలివాళ్లు తవ్వేది మీ గ్రూపులనే. మన తెలుగు స్టూడెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అపార్ట్‌మెంట్ పోస్టు కింద "నల్లోళ్ల ఏరియానా?" అనే ప్రశ్న కనపడని వారం లేదు. ఎవరిది ఏ కులమో రూమ్‌మేట్ వెతుకులాటలోనే అడిగేస్తారు. ఇవి ఇంగ్లీషులోకి మార్చి ఇన్‌స్టాలో పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. కులం మీద అడ్డుకట్టలు కూడా మొదలయ్యాయి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది, 2023లో సియాటిల్ నగరం చట్టమే చేసింది.

మీ ఇండియన్ అసోసియేషన్ పెద్దలు నల్లజాతి విద్యార్థుల సంఘం పక్కన నిలబడాలంటే, ముందు వాళ్ల గ్రూపు అడ్మిన్లు ఒక రూలు పెట్టి, తప్పిన మెసేజ్ అదే రోజు తీసేసి, పెట్టినవాడికి అందరి ముందూ చెప్పాలి. మనవాళ్ల మీద వెటకారం వచ్చినప్పుడే తీర్మానం గుర్తొస్తే ఆ సంఘం వాళ్లు మనల్ని ఎందుకు నమ్ముతారు?

---

గ్రాడ్‌సెనేటర్_టెక్సస్

కోపం లేదు, నిజమే. గ్రూప్ అడ్మిన్‌తో మాట్లాడతాను. ఆఖరి ప్రశ్న: సెన్షర్ చర్చ జరుగుతుండగా వాళ్ల మిత్రులు ఏదో ఒక మోషన్ పెట్టి అడ్డుకుంటారని విన్నాను. ఏం పెడతారు?

---

రూల్‌బుక్_రావు

"పోస్ట్‌పోన్ ఇండెఫినిట్లీ" పెడతారు. పేరు వాయిదాలా వినిపిస్తుంది, పని మాత్రం తీర్మానాన్ని చంపేయడం. మెజారిటీతో గెలుస్తుంది, చర్చకు అవకాశం ఉంది. ఛైర్ ఓటుకు పెట్టేముందు ఎవరో ఒకరు లేచి "ఇది నెగ్గితే ఈ తీర్మానం ఈ మీటింగ్‌లో పోయినట్టే" అని సభకి చెప్పాలి, సగం మందికి తెలియదు. "లే ఆన్ ద టేబుల్" అన్నా జాగ్రత్త. అంతకంటే అత్యవసరమైన పని నిజంగా ఏదైనా వస్తేనే అది పెట్టాలి. చంపడానికి వాడితే పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పారన్న అభ్యంతరం) లేవనెత్తండి, ఛైర్ కాదంటే అప్పీల్ చేయండి. చర్చ చాలు, ఓటుకు వెళ్దాం అనాలంటే "ప్రీవియస్ క్వశ్చన్", దానికి మూడింట రెండొంతులు కావాలి.

ఆ ఇద్దరికీ చర్చలో మాట్లాడే అవకాశం ఇవ్వండి. మిగతావాళ్లకి ఎన్ని నిమిషాలైతే వాళ్లకీ అన్ని నిమిషాలు. పబ్లిక్ కామెంట్‌లో వాళ్ల మద్దతుదారులు వస్తే వాళ్లకూ రెండు నిమిషాలే, ఆపొద్దు, గేలి చేయనివ్వొద్దు. ప్రెసిడెంట్ ముందే బహిరంగంగా ఒక వైపు మాట్లాడేశారు కాబట్టి ఆ అంశం వరకు కుర్చీ వైస్ ప్రెసిడెంట్‌కి అప్పగించడం మేలు. తీర్మానం పాఠాన్ని, తేదీలు ఉన్న కాపీని, ఆదివారంకల్లా 32 మందికీ ఈమెయిల్ చేయండి, ఆ ఇద్దరితో సహా. "నాకు అందలేదు" అనకుండా డెలివరీ రసీదు దాచుకోండి.

కాలిఫోర్నియాలో చదివేవాళ్లెవరైనా ఇది చూస్తుంటే మీ లెక్క వేరు: కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి సంఘాలకి గ్లోరియా రొమెరో చట్టం, కమ్యూనిటీ కాలేజీలకి బ్రౌన్ యాక్ట్ ఉన్నాయి, రెండూ మీటింగులు బహిరంగంగా జరగాలనే చట్టాలు. ఎజెండా 72 గంటల ముందు అతికించాలి. బ్రౌన్ యాక్ట్ ఉన్నచోట మెజారిటీ సభ్యులు వాట్సాప్‌లో ముందే మాట్లాడుకుని ఓట్లు ఖాయం చేసుకుంటే అదే ఉల్లంఘన. ఇలాంటి గొడవల్లో అందరూ చేసేది ముందు అదే.